చెక్ భాష: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత సంచికలో స్లావిక్ భాషల (రష్యన్, పోలిష్, చెక్ వంటివి) పరిచయం చదివిన పాఠకులు ఈ నెల రాసిన ఉత్తరాలలో ఎక్కువ భాగం చెక్ భాష గురించే ఉన్నాయి. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను కలిపి, ఏడు ప్రశ్నలకు ఇక్కడ జవాబులిస్తున్నాను. చెక్ మాటలను ఇంగ్లీషు వర్ణక్రమాన్ని బట్టి కాక ఆ ప్రజలు పలికే తీరుకు వీలైనంత దగ్గరగా రాశాను. ప్రాగ్, బొహీమియా వంటి మనకు అలవాటైన పేర్ల జోలికి మాత్రం పోలేదు.

ప్రశ్న: మా నాన్నగారు 1960లలో రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారంలో ఉద్యోగంలో చేరారు. అప్పుడు అక్కడ పనిచేసిన చెకొస్లొవేకియా ఇంజనీర్ల గురించి ఇప్పటికీ చెబుతుంటారు. పొద్దున్నే ‘దొబ్రీ దెన్’ అని పలకరించేవారట. వారిది చెక్ భాషా, స్లొవాక్ భాషా, లేక చెకొస్లొవేకియన్ అనే భాష వేరే ఉందా? ఇప్పుడు ఆ భాష ఎక్కడ మాట్లాడతారు? (ఒక పాఠకురాలు, రామచంద్రాపురం)

జవాబు: రామచంద్రాపురం కర్మాగారం చెకొస్లొవేకియా సాంకేతిక సహకారంతోనే ఏర్పడింది, తిరుచిరాపల్లిలోని బాయిలర్ల కర్మాగారం కూడా ఆ దేశం తోడ్పాటుతో వచ్చినదే. అయితే చెకొస్లొవేకియన్ అనే భాషను ఎవరూ ఇంట్లో మాట్లాడలేదు, అది చట్టంలో మాత్రమే ఉండేది. 1918 అక్టోబరు 28న ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం నుంచి విడివడి కొత్త దేశం ఏర్పడిన తర్వాత, 1920 నాటి భాషాచట్టం ‘చెకొస్లొవాక్ భాష’ను అధికార భాషగా ప్రకటించింది గాని, ఆచరణలో పశ్చిమాన చెక్, తూర్పున స్లొవాక్ వాడుకలో ఉండేవి. రెండింటినీ ఒకే పేరు కిందికి తేవడానికి రాజకీయ కారణం ఉంది. ఆ దేశంలో జర్మన్ మాట్లాడేవారు ముప్పై లక్షల మంది దాకా ఉండేవారు. చెక్‌లను, స్లొవాక్‌లను విడివిడిగా లెక్కిస్తే జర్మన్‌లే రెండో స్థానంలో నిలిచేవారు. కొత్త ప్రభుత్వానికి అది మింగుడుపడే విషయం కాదు.

‘దొబ్రీ దెన్’ రెండు భాషల్లోనూ దాదాపు ఒకటే. స్లొవాక్‌లో చివరి నకారం కొంచెం మెత్తబడి ఞకారంలా వినిపిస్తుంది. ఆ ఇంజనీర్లు కృతజ్ఞత ఎలా చెప్పేవారో నాన్నగారికి గుర్తుంటే సంగతి తేలిపోతుంది. ‘ద్యెకుయి’ అనేవారైతే చెక్‌లు, ‘ద్యకుయెమ్’ అనేవారైతే స్లొవాక్‌లు.

ఈ రెండూ పోలిష్, సోర్బియన్ (తూర్పు జర్మనీలోని ఒక చిన్న స్లావిక్ సమాజం మాట్లాడేది) భాషలతో కలిసి పశ్చిమ స్లావిక్ శాఖకు చెందినవి. చెక్‌లకు, స్లొవాక్‌లకు ఒకరి భాష మరొకరికి నేర్చుకోకుండానే అర్థమవుతుంది. ఉమ్మడి దేశంగా ఉన్న రోజుల్లో టెలివిజన్ వార్తలను ఒకరు చెక్‌లో చదివితే మరొకరు స్లొవాక్‌లో చదివేవారు, అనువాదం అవసరమయ్యేది కాదు. 1993 జనవరి 1న రెండు దేశాలుగా విడిపోయాక పరిస్థితి కొంత మారింది. స్లొవాక్ పిల్లలు చెక్ పుస్తకాలు చదువుతూ, చెక్ టీవీ చూస్తూ పెరుగుతున్నారు గనుక వారికి ఇబ్బంది లేదు; చెక్ పిల్లలకు మాత్రం స్లొవాక్ చెవిన పడడం తగ్గి, కొన్ని మాటల దగ్గర తడబాటు వస్తోంది. నెలల పేర్లు ఇందుకు మంచి ఉదాహరణ. స్లొవాక్‌లో మనకు తెలిసిన జనవరి, మే, నవంబరులకు దగ్గరి పేర్లే ఉండగా, చెక్‌లో జనవరి ‘లెదెన్’ అంటే మంచు నెల, మే ‘క్వ్యెతెన్’ అంటే పూల నెల, నవంబరు ‘లిస్తొపత్’ అంటే ఆకురాలు నెల. ఇంత తేడా ఉన్నా, చెక్ ప్రభుత్వ కార్యాలయాల్లో స్లొవాక్‌లో అర్జీ పెట్టుకొంటే అనువాదం అడగకుండా తీసుకోవాలని చట్టమే చెబుతోంది. విడిపోయిన రెండు దేశాలు పరస్పరం ఇంత మర్యాద పాటించడం నన్ను ఎప్పుడూ ఆకట్టుకొంటుంది.

ఇక చెక్ మాట్లాడే ప్రాంతం సంగతి. నేటి చెక్ రిపబ్లిక్‌లో మూడు చారిత్రక భాగాలున్నాయి: పశ్చిమాన ప్రాగ్, ప్ల్జెన్ నగరాలున్న బొహీమియా, తూర్పున బ్ర్నొ, ఒలొమొత్స్ ఉన్న మొరేవియా, ఈశాన్యంలో ఒస్త్రవ వైపు సైలీషియాలోని ఒక ముక్క. మొత్తం మీద కోటి మందికి పైగా ఈ భాష మాట్లాడతారు. 2004 మే 1 నుంచి ఇది యూరోపియన్ యూనియన్ అధికార భాషలలో ఒకటి. దేశం వెలుపల కూడా చెక్ ఊళ్లున్నాయి. రుమేనియాలోని బనాత్ కొండల్లో 19వ శతాబ్దిలో అడవి కొట్టుకొని స్థిరపడినవారి గ్రామాలు, క్రొయేషియాలో దరువర్ పట్టణం చుట్టుపక్కల పల్లెలు, సెర్బియాలో బెలా త్స్ర్క్వా ప్రాంతం వాటిలో ముఖ్యమైనవి. వియన్నాలో తరతరాలుగా చెక్ సమాజం ఉంది, వారికి సొంత బడి కూడా ఉంది.

ప్రశ్న: మూడు వందల ఏళ్ల పాటు జర్మన్ పెత్తనం కింద నలిగిన భాష మళ్లీ ఎలా నిలదొక్కుకొంది? (ఒక పాఠకుడు, తిరుపతి)

జవాబు: ఈ ప్రశ్నకు కొంచెం విపులంగా జవాబు చెప్పాలి, ఎందుకంటే చెక్ చరిత్రలో మనం శ్రద్ధగా చూడవలసినదంతా ఇక్కడే ఉంది.

చెక్ ఒకప్పుడు నిండైన గ్రంథభాష. 1415 జులై 6న కాన్‌స్టెన్స్ నగరంలో సజీవదహనానికి గురైన మతసంస్కర్త యన్ హుస్ ప్రాగ్‌లో చెక్‌లోనే మతబోధ చేసేవాడు. లాటిన్ లిపిలో లేని ధ్వనులకు రెండు మూడు అక్షరాలను కలిపి రాసే గజిబిజి పద్ధతిని వదిలి, ఒకే అక్షరం మీద చుక్క గాని గీత గాని పెట్టి రాయాలని ప్రతిపాదించిన చిన్న లాటిన్ గ్రంథం ఆయనదేనని పండితులు చాలాకాలంగా చెబుతున్నారు. ఆ చుక్క కాలక్రమంలో కొక్కెంగా మారి, తర్వాత క్రొయేషియన్, స్లొవీనియన్, లిథువేనియన్ వంటి భాషల లిపులకు కూడా పాకింది. 1579 నుంచి ఆరు భాగాలుగా వెలువడిన క్రలిత్సె బైబిల్‌తో చెక్ వచనం పరిపక్వ దశకు చేరింది.

1620 నవంబరు 8న ప్రాగ్ పొలిమేరలోని తెల్లకొండ యుద్ధంలో తిరుగుబాటు ప్రభువుల సేన వియన్నా రాజధానిగా ఏలిన హాప్స్‌బర్గ్ వంశపు చక్రవర్తి సేన చేతిలో ఓడిపోయింది. దీన్ని భాషల మధ్య యుద్ధంగా చూడడం సరికాదు; తిరుగుబాటుదారుల్లో జర్మన్ మాట్లాడేవారు కూడా ఉన్నారు, పోరాటం మతం కోసం, అధికారం కోసం జరిగింది. కాని దెబ్బ భాషకు కూడా తగిలింది. మరుసటి ఏడు జూన్ 21న ఇరవై ఏడు మంది నాయకులను ప్రాగ్ నడిబొడ్డున చంపించారు. 1627 నాటి శాసనం జర్మన్‌కు చెక్‌తో సమానహోదా ఇచ్చి, కాథలిక్ మతాన్ని తప్ప మరొకదాన్ని నిషేధించింది. చదువుకొన్న ప్రొటెస్టెంట్ కుటుంబాలు ఊళ్లు విడిచి వెళ్లాయి. విద్యాశాస్త్రంలో ప్రపంచమంతా గౌరవించే యన్ అమొస్ కొమెన్స్కీ అలా వెళ్లినవాడే, 1670లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కన్నుమూశాడు. తర్వాత నూటయాభై ఏళ్లలో ప్రభుత్వ కచేరీలు, పెద్ద చదువులు, ప్రభువుల ఇళ్లు జర్మన్ వైపు మళ్లగా, చెక్ పల్లెటూళ్లలో, సంతల్లో, పనివారి ఇళ్లలో మిగిలింది.

నిలదొక్కుకోవడానికి మొదటి ఊతం అనుకోని చోటు నుంచి వచ్చింది. హాప్స్‌బర్గ్ వంశపు మహారాణి మరియా థెరెసా 1774లో పిల్లలందరికీ ప్రాథమిక విద్యను తప్పనిసరి చేయగా, చెక్ పల్లెల్లో బడి చెక్‌లోనే నడిచింది. ఆమె కొడుకు రెండవ జోసెఫ్ 1781లో రైతులను భూస్వాముల కట్టుబాట్ల నుంచి విడిపించగా, వారు నగరాలకు కదిలారు, వారితో పాటు భాష కూడా కదిలింది. పై స్థాయి పాలనను, చదువును జర్మన్‌లోకి మార్చిన చక్రవర్తి ఇతడే కావడం గమనించదగినది.

ఆ తర్వాత పండితుల పని మొదలైంది. యొసెఫ్ దొబ్రొవ్స్కీ 1809లో సమగ్ర వ్యాకరణం రాశాడు, అదీ జర్మన్‌లో. చెక్‌లో ఉన్నతమైన సాహిత్యం మళ్లీ వస్తుందన్న నమ్మకం ఆయనకే అంతగా లేదు. తర్వాతి తరానికి చెందిన యొసెఫ్ యుంగ్మన్‌కు ఆ నమ్మకం ఉంది. మిల్టన్ మహాకావ్యం ‘ప్యారడైజ్ లాస్ట్’ను 1811లో చెక్‌లోకి తెచ్చి, ఇంత బరువైన రచనను ఈ భాష మోయగలదని చేసి చూపాడు. 1834-39 మధ్య ఐదు సంపుటాల చెక్-జర్మన్ నిఘంటువును వెలువరించాడు. పాత గ్రంథాలలోని మాటలను తవ్వి తీశాడు, లేనివాటిని పోలిష్, రష్యన్ భాషల నుంచి తెచ్చి చెక్ రూపమిచ్చాడు.

విజ్ఞానశాస్త్రాల విషయంలో ప్రకృతి శాస్త్రవేత్త యన్ స్వతొప్లుక్ ప్రెస్ల్ కృషిని ప్రత్యేకంగా చెప్పాలి. మొక్కలకు, జంతువులకు, రసాయన పదార్థాలకు చెక్ పేర్లు కూర్చడంలో ఆయన జీవితంలో పెద్ద భాగం గడిచింది. మన పాత పాఠ్యపుస్తకాల్లో ఆమ్లజని, ఉదజని అని చదువుకొన్నవారికి ఆ పద్ధతి వెంటనే అర్థమవుతుంది: పులుపును సూచించే ధాతువు నుంచి ‘కిస్లీక్’, నీటిని సూచించే మాట నుంచి ‘వొద్యీక్’. మన బడుల్లో ఆక్సిజన్, హైడ్రోజన్ వచ్చి ఆమ్లజని, ఉదజనులను పక్కకు నెట్టాయి. చెక్ బడిలో ఈనాటికీ కిస్లీక్, వొద్యీక్ అనే చదువుతారు. అంతటితో ఆగక, తర్వాతి రసాయన శాస్త్రజ్ఞులు మూలకం ఆక్సీకరణ స్థితిని (సమ్మేళనంలో అది ఎన్ని ఎలక్ట్రాన్లు వదులుకొన్నట్టో చెప్పే సంఖ్యను) తెలపడానికి ఒకటి నుంచి ఎనిమిది వరకు ఒక్కొక్క సంఖ్యకు ఒక్కొక్క ప్రత్యయాన్ని స్థిరపరిచారు. ఇనుముకు రెండు అయితే ‘జెలెజ్నతీ’, మూడు అయితే ‘జెలెజితీ’. పేరు వినగానే పిల్లవాడు సూత్రం రాయగలడు. ఈ ఒక్క ఏర్పాటును చూసైనా శాస్త్రాలను మాతృభాషలో చెప్పలేమనేవారు ఒకసారి ఆగి ఆలోచించాలని నా అభిప్రాయం.

ఈ ఉత్సాహంలో పెడదారి కూడా ఉంది. 1817, 1818లలో రెండు ‘ప్రాచీన’ చెక్ వీరగాథల రాతప్రతులు బయటపడ్డాయి. తమ సాహిత్యం జర్మన్ కంటే పురాతనమైనదని జనం పొంగిపోయారు. రెండోదాన్ని దొబ్రొవ్స్కీ వెంటనే అనుమానించగా, దేశద్రోహి అన్నంత మాట అనిపించుకొన్నాడు. 1886లో భాషాశాస్త్రవేత్త యన్ గెబౌర్, ఆయనకు అండగా నిలిచిన ఆచార్యుడు తొమాష్ మసరిక్ ఆ రెండూ కూటసృష్టులేనని ఆధారాలతో వాదించి, పత్రికల్లో తీవ్రమైన నిందలు భరించారు. 1918లో దేశం ఏర్పడినప్పుడు మొదటి అధ్యక్షుడైనది ఆ మసరికే. భాషాభిమానం అబద్ధాన్ని కోరదని ఆయన నిలబడి చెప్పడం వల్లనే చెక్ భాషాశాస్త్రానికి విశ్వసనీయత వచ్చిందని నేను నమ్ముతాను.

1882లో ప్రాగ్ విశ్వవిద్యాలయం చెక్, జర్మన్ విశ్వవిద్యాలయాలుగా విడిపోయింది. 1881లో తెరిచిన రెండు నెలలకే కాలిపోయిన జాతీయ నాటకశాల ప్రజల చందాలతో 1883లో మళ్లీ లేచింది. మరొక విషయం కూడా దాచకుండా చెప్పాలి. ప్రాగ్ చాలాకాలం రెండు భాషల నగరం, కాఫ్కా అక్కడే పుట్టి జర్మన్‌లో రాశాడు. నాజీలు అక్కడి యూదులను హతమార్చడం, 1945 తర్వాత సుమారు ముప్పై లక్షల జర్మన్‌లను దేశం నుంచి వెళ్లగొట్టడం కూడా నేడు ఆ దేశమంతటా చెక్ ఒక్కటే వినిపించడానికి కారణాలు.

ప్రశ్న: మనకు గ్రాంథిక, వ్యావహారిక వివాదం ఉన్నట్టే చెక్‌లో కూడా ఉందని విన్నాను. నిజమేనా? (తెలుగు ఉపన్యాసకురాలు, విజయవాడ)

జవాబు: నిజమే, పైగా వారిది ఇంకా ముగియలేదు. దొబ్రొవ్స్కీ తన వ్యాకరణానికి ప్రమాణంగా తన కాలపు ప్రజల మాటను కాక, రెండు వందల ఏళ్ల నాటి క్రలిత్సె బైబిల్ కాలపు భాషను తీసుకొన్నాడు. ఆ రెండు వందల ఏళ్లలో బొహీమియాలో ఉచ్చారణ చాలా మారిపోయింది. దాంతో పుస్తకంలో ‘మ్లదీ’ (చిన్న వయసువాడు), నోటిలో ‘మ్లదెయ్’. పుస్తకంలో ‘బీత్’ (ఉండడం), నోటిలో ‘బెయ్త్’ అయ్యాయి. కిటికీని పుస్తకంలో ‘ఒక్నొ’ అంటే, ప్రాగ్ వీధిలో ‘వొక్నొ’ అంటారు. పండితులు ‘ఒకటి’ అని దిద్దుతూ ఉండగా మనం ‘వొకటి’ అనే పలుకుతూ వచ్చినట్టే ఇది జరిగింది.

రాసే భాషను ‘స్పిసొవ్నా’ అని, బొహీమియా అంతటా మాట్లాడే భాషను ‘ఒబెత్స్నా’ అని పిలుస్తారు. వార్తలు, పాఠాలు, కోర్టు తీర్పులు, విదేశీ సినిమాల డబ్బింగు చాలా వరకు మొదటిదానిలో సాగుతాయి. ఇంట్లో, ఆఫీసు భోజనాల బల్ల దగ్గర, చెక్ సినిమాల పాత్రల నోట రెండోది వినిపిస్తుంది. ప్రాగ్‌లో విశ్వవిద్యాలయ ఆచార్యుడు సైతం తరగతి గది దాటగానే ‘వొక్నొ’లోకి దిగిపోతాడు.

గిడుగు రామమూర్తి పంతులుగారి ఉద్యమం తర్వాత మన పత్రికలు, కథలు శిష్టవ్యావహారికానికి మారాయి. చెక్‌లో అటువంటి మార్పు ఎందుకు రాలేదని మీరు అడగవచ్చు. కారణం మొరేవియా. ‘ఒబెత్స్నా’ బొహీమియా మాట; బ్ర్నొ, ఒలొమొత్స్, ఒస్త్రవ ప్రజలకు అది తమది కాదు. మొరేవియాలో మూడు నాలుగు మాండలికాలున్నాయి. ఒస్త్రవవారు దీర్ఘాలన్నిటినీ కుదించి పలుకుతారు గనుక ‘పొట్టి పిట్టముక్కువాళ్లు’ అని మిగిలినవారు ఆటపట్టిస్తారు. బ్ర్నొలో ట్రామును ‘షలిన’ అంటారు, ఆ మాట ప్రాగ్‌లో ఎవరూ వాడరు. ప్రాగ్ వీధిభాషను పుస్తకాల్లోకి ఎక్కిస్తే మొరేవియావారు దాన్ని రాజధాని పెత్తనంగానే చూస్తారు. పాత బైబిల్ భాషకు ఉన్న గొప్ప సౌలభ్యం అది ఇప్పుడు ఏ ఒక్క ప్రాంతానికీ చెందకపోవడం. కోస్తా జిల్లాల శిష్టభాష ప్రమాణమైనప్పుడు తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర రచయితలు పడిన బాధ తెలిసినవారికి మొరేవియావారి అభ్యంతరాన్ని విడమరిచి చెప్పనక్కరలేదు.

అలాగని వారి గ్రంథభాష రాయిలా గడ్డకట్టి లేదు. 1926లో ఏర్పడిన ప్రాగ్ భాషాశాస్త్ర వర్గం, ముఖ్యంగా విలేమ్ మతెసియుస్, పాత రూపాలనే పట్టుకు వేలాడే శుద్ధివాదులను 1930లలో గట్టిగా ఎదిరించింది. మంచి సమకాలీన రచయితలు రాసేదే ప్రమాణమని వాదించింది. నేడు చెక్ భాషా సంస్థ ఒక సలహా కేంద్రాన్ని నడుపుతోంది. గుమాస్తాలు, ఉపాధ్యాయులు, విలేఖరులు, ఇంట్లో పందెం కాసుకొన్న భార్యాభర్తలు కూడా ఫోన్ చేసి, ఫలానా చోట కామా రావాలా అక్కరలేదా అని అడిగి తెలుసుకొంటారు. తెలుగుకు ఇటువంటి ఫోన్ నంబరు ఒకటి ఉండాలని నాకు ఎంతో కోరిక.

ప్రశ్న: డాలస్ నుంచి ఆస్టిన్ వెళ్లేటప్పుడు వెస్ట్ అనే ఊరిలో ఆగి ‘కొలాచి’లు (మధ్యలో పూర్ణం పెట్టిన బన్నులు) కొంటాం. అది చెక్‌ల ఊరని చెప్పారు. టెక్సస్‌లో ఇంకా చెక్ మాట్లాడతారా? (ఒక పాఠకుడు, డాలస్)

జవాబు: మాట్లాడేవారు ఉన్నారు, కాని దాదాపు అందరూ వయసు మళ్లినవారు. 1850ల నుంచి మొరేవియా కొండ ప్రాంతాల రైతులు పెద్ద సంఖ్యలో టెక్సస్‌కు వలస వచ్చి, ఫాయెట్, లవాకా కౌంటీల నల్లరేగడిలో పత్తి పండించారు. ‘ప్రాహా’ అని తమ రాజధాని పేరు పెట్టుకొన్న పల్లె కూడా అక్కడ ఉంది. వారు తెచ్చినది మొరేవియా మాండలికం కనుక టెక్సస్ చెక్ ప్రాగ్ వారికి పాతకాలపు పల్లెమాటలా వినిపిస్తుంది. ఇంగ్లీషు మాటలకు చెక్ విభక్తులు చేర్చుకొన్నారు, వారికి కారు ‘కార’ అయింది. బడి ఇంగ్లీషులో సాగడం, రెండో ప్రపంచయుద్ధం తర్వాత పిల్లలు నగరాలకు తరలిపోవడం వల్ల తల్లిదండ్రుల నుంచి పిల్లలకు భాష అందడం ఆగిపోయింది. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం అక్కడి వృద్ధుల మాటలను రికార్డు చేసి భద్రపరుస్తోంది. షూలెన్‌బర్గ్ దగ్గరి రంగుల చిత్రాల చర్చిలకు వెళితే గోడల మీద, సమాధుల మీద చెక్ రాతలు చూడవచ్చు. మీరు కొనేవాటిలో ప్లమ్ పండ్ల గుజ్జు, గసగసాలు, జున్ను పెట్టినవి మొరేవియా సంప్రదాయానివి. సాసేజి పెట్టినవి టెక్సస్‌లో పుట్టినవి.

ప్రశ్న: స్వరకర్త ద్వొర్జాక్ పేరును ఒక్కొక్కరు ఒక్కొక్క రకంగా రాస్తున్నారు. తెలుగులో ఎలా రాయాలి? (సంగీత ప్రియుడు, ఖమ్మం)

జవాబు: ఆ పేరులోని మూడో హల్లు చెక్‌కే ప్రత్యేకమైన ధ్వని. నాలుక కొనను ‘ర’ పలికేటప్పటిలా అదిలిస్తూ, అదే క్షణంలో ఫ్రెంచి ‘బోంజూర్’లోని జకారపు ఒరిపిడిని కూడా వినిపించాలి, ‘ర’ ముందు, ‘జ’ వెనుక కాదు, రెండూ ఒకేసారి. చెక్ పిల్లలకే ఇది అన్నిటికంటే చివర పట్టుబడుతుంది, కొందరిని ఉచ్చారణ నేర్పే నిపుణుల దగ్గరికి తీసుకువెళతారు. మన లిపిలో దీనికి అక్షరం లేదు గనుక ‘ద్వొర్జాక్’ అనే రాత సరిపోతుంది.

మిగిలిన ధ్వనులలో తెలుగువారికి అనుకూలత ఎక్కువ. ఇంగ్లీషు మీదుగా వచ్చిన ‘ట, డ’లను వదిలి ‘త, ద’లు పలికితే చెక్‌కు దగ్గరవుతాం. మన రోడ్ల మీది స్కోడా కారు అక్కడ ‘ష్కొద’, మనందరికీ తెలిసిన చెప్పుల కంపెనీ బాటా పుట్టిన జ్లీన్ పట్టణంలో ‘బత్య’. హ్రస్వదీర్ఘాల భేదం మనకున్నట్టే ఉంది, ఊనిక ఎప్పుడూ మొదటి అక్షరం మీదనే పడుతుంది. ‘చలి’, ‘చాప’లలో మనం పలికే దంత్య చకారం, ‘చీమ’లోని తాలవ్య చకారం చెక్‌లో రెండు వేరు అక్షరాలు, ఇంగ్లీషువారు తంటాలు పడే ఈ తేడా మనకు ఉగ్గుపాలతో వచ్చినది.

‘బ్ర్నొ’, ‘ప్ల్జెన్’ వంటి, మొదట్లో అచ్చు లేకుండా హల్లులే వరుసగా వచ్చే పేర్లు చూసి బెదరనక్కరలేదు. అక్కడ ‘ర’, ‘ల’లే అచ్చుల పని చేస్తాయి, సంస్కృతంలో ‘ఋ’ చేసినట్టే. తోడేలును చెక్‌లో ‘వ్ల్క్’ అంటారు, సంస్కృతంలో ‘వృక’ (మనకు వృకోదరుడు తెలుసు). రెండూ ఒకే మూలానివి. మీరు సంగీతప్రియులు కనుక ఒక మాట. బ్ర్నొలో జీవించిన స్వరకర్త లెఒష్ యనాచెక్ (1854-1928) వీధిలో, రైల్వేస్టేషన్లో జనం మాట్లాడుకొనే వాక్యాల రాగాన్ని స్వరలిపిలో నోటుపుస్తకాలకు ఎక్కించుకొనేవాడు. ఆయన సంగీత నాటకాల్లోని పాట మొరేవియా మాట నడకకు అంత దగ్గరగా ఉండడానికి ఆ పుస్తకాలే కారణం.

ప్రశ్న: చెక్ పండితులు ఎవరైనా తెలుగును అధ్యయనం చేశారా? (పరిశోధక విద్యార్థి, వరంగల్లు)

జవాబు: ద్రావిడ భాషాశాస్త్రం చదివేవారు తప్పక తెలుసుకోవలసిన పేరు కమిల్ జ్వెలెబిల్ (1927-2009). ప్రాగ్‌లో పుట్టి ప్రధానంగా తమిళం మీద పనిచేసినా, 1970లో వెలువడిన ఆయన తులనాత్మక ద్రావిడ ధ్వనిశాస్త్ర గ్రంథం తెలుగుతో సహా ఈ కుటుంబ భాషలన్నిటి ధ్వనులను కలిపి పరిశీలించింది. 1968లో సోవియట్ సేనలు ప్రాగ్‌లోకి దిగిన తర్వాత ఆయన స్వదేశం విడిచి, తర్వాత నెదర్లాండ్స్‌లో ఆచార్యుడయ్యాడు.

ప్రశ్న: మా అమ్మాయి బ్ర్నొలో ఎమ్మెస్సీ చదవబోతోంది. ఇంగ్లీషుతో గడుస్తుందా, చెక్ నేర్చుకోవాలా? అది చాలా కష్టమట కదా? (ఒక తల్లి, హైదరాబాదు)

జవాబు: తరగతి గదిలో ఇంగ్లీషుతో గడుస్తుంది. ఇంటి అద్దె ఒప్పందం, మునిసిపల్ కార్యాలయం, ఆస్పత్రి రిసెప్షన్ దగ్గర చెక్ కావలసి వస్తుంది. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు చెక్ మాధ్యమంలో చదివేవారి నుంచి, ఏ దేశస్థులైనా సరే, బోధనా రుసుము తీసుకోవు. ఇంగ్లీషు మాధ్యమానికి మాత్రమే ఫీజు ఉంటుంది. చదువు ముగిశాక అక్కడే స్థిరపడాలంటే శాశ్వత నివాసానికి ఏ2 స్థాయి (యూరప్‌లో భాషా సామర్థ్యాన్ని కొలిచే ఆరు మెట్లలో రెండోది) చెక్ పరీక్ష, పౌరసత్వానికి బీ1 స్థాయి (మూడో మెట్టు) పరీక్ష ఉత్తీర్ణులు కావాలి.

కష్టం ఉన్న మాట నిజమే. నామవాచకానికి ఏడు విభక్తులు, మూడు లింగాలు ఉన్నాయి. ‘నేను ఉన్నాను’ అని భూతకాలంలో చెప్పడానికి పురుషుడు ‘బిల్ సెమ్’ అంటే స్త్రీ ‘బిల సెమ్’ అనాలి. అంకెలతో మరొక చిక్కు: రెండు, మూడు, నాలుగు పుస్తకాలకు ఒక రూపం, ఐదు నుంచి మరొక రూపం. అయితే తెలుగు వ్యాకరణం చదివిన అమ్మాయికి సగం దారి తెలిసినట్టే. చెక్ బడుల్లో విభక్తులను లాటిన్ పేర్లతో కాక మొదటిది, రెండోది, ఏడోది అని వరుస సంఖ్యలతోనే నేర్పుతారు, మన ప్రథమా, ద్వితీయా విభక్తుల్లాగే. వరుస మాత్రం వేరు. వారి ఐదోది సంబోధన. పిలిచేటప్పుడు పేరు మారుతుంది: యన అనే స్నేహితురాలిని ‘యనొ’ అని, డాక్టరుగారిని ‘పనె దొక్తొరె’ అని పిలవాలి. ‘నువ్వు’, ‘మీరు’ అనే తేడా ‘తి’, ‘వి’ రూపంలో ఉంది. కొత్తవారిని, పెద్దవారిని ‘వి’ అనాలి. ‘ఇక తి అనుకొందాం’ అని ముందు అనవలసినది పెద్దవారు. క్రియలోనే కర్త తెలుస్తుంది కనుక ‘వస్తాను’ అన్నట్టు ‘నేను’ లేకుండానే వాక్యం నడుస్తుంది.

మీ ఉత్తరం చివర అడిగిన ఇంటిపేరు సంగతి. చెక్ స్త్రీల ఇంటిపేరుకు సాధారణంగా ‘ఒవా’ చేరుతుంది. నవ్రాతిల్ కూతురు నవ్రాతిలొవా. 2022 జనవరి నుంచి అది లేకుండా ఉంచుకొనే స్వేచ్ఛ అక్కడి స్త్రీలందరికీ చట్టం ఇచ్చింది. మీ అమ్మాయికి పాస్‌పోర్టులో ఉన్న పేరే అన్ని కాగితాల్లోనూ ఉంటుంది, దానికి ఏదీ చేర్చనక్కరలేదు. ఎవరైనా మాటల్లో ‘ఒవా’ కలిపి పిలిస్తే అది వారి వ్యాకరణపు అలవాటు అనుకోవాలి. దరఖాస్తులో ‘య్మేనొ’ అన్న గడిలో సొంత పేరు, ‘ప్ర్జీయ్మెనీ’ అన్న గడిలో ఇంటిపేరు రాయాలని ముందే చెప్పి పంపండి. మనం ఇంటిపేరు ముందు రాసే అలవాటులో ఈ రెండూ తారుమారైతే వీసా కాగితాలతో పేరు సరిపోలక ఇబ్బంది వస్తుంది.